నెలాఖరు నేరస్తుడు

రేవుపేట ఊళ్ళో ప్రతి నెలా ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం నాలుగు గంటలకి నేరాలు మొదలవుతాయి. అంతవరకూ ఊరు ఊరంతా బుద్ధిగానే ఉంటుంది. నాలుగు దాటిందా, ఇక చూసుకోండి! బహిరంగంగా మద్యం తాగేవాళ్ళు, రోడ్డు పక్కన మూత్రం పోసేవాళ్ళు, అనుమానాస్పదంగా తిరిగేవాళ్ళు, హెల్మెట్ లేకుండా బండి నడిపేవాళ్ళు బిలబిలమంటూ బయటికొచ్చేస్తారు. ముప్పయ్యో తారీఖు రాత్రికల్లా అందరూ మళ్ళీ మంచివాళ్ళైపోతారు.

ఎందుకంటే సరిగ్గా ఆ టైముకే వన్ టౌన్ పోలీస్ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ పెచ్చెట్టి భీమశంకరం కళ్ళజోడు తుడుచుకుని పెట్టీ కేసుల రిజిస్టరు తెరుస్తాడు కాబట్టి.

భీమశంకరం స్టేషన్ రైటరు. లాఠీ పట్టడు, పెన్ను పడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ స్టేషన్లో ఏ కేసైనా ఆయన ముత్యాల్లాంటి గుండ్రటి దస్తూరీలోంచే పుట్టింది. నెలకి నలభై పెట్టీ కేసులు చూపించాలని పైనుంచి టార్గెట్. ఊళ్ళో నిజంగా జరిగేవి ఇరవై, మహా అయితే ఇరవై రెండు. మిగతావి ఎక్కణ్ణుంచి తెస్తాడు పాపం? స్టేషన్ వెనకాలే ఉన్న చేపలరేవు పేటలోంచి తెస్తాడు. ఆఫీసర్స్ కాలనీలోంచి కూడా తేవచ్చు గానీ అది మూడు కిలోమీటర్లు, జీపులో డీజిల్ ఉండదు.

అన్నిటికన్నా దగ్గర స్టేషన్ ఎదురుగా టీ బడ్డీ. బడ్డీ యజమాని దొమ్మేటి నూకరాజు, భీమశంకరానికి బడ్డీ పెట్టిననాటి నుంచీ స్నేహితుడు. కిటికీలోంచి ఒక్క కేక చాలు.

"ఒరే నూకరాజూ! ఈ నెల ఏం చేశావురా?"

"మీరే సెప్పాలండి రైటరు గారూ. ఏం సేత్తే బాగుంటది?"

"మొన్న తాగి గొడవ చేశావుగా. ఈసారి హెల్మెట్ రాయనా?"

"రాసేసుకోండి. పొద్దున్నే కోర్టు ఎన్నింటికండి? పదకొండుకల్లా వదిలేత్తే సాలు, పకోడీకి ఉల్లిపాయలు తరుక్కోవాలి."

మర్నాడు కోర్టులో పేరు పిలవగానే నూకరాజు బోనెక్కి, "ఒప్పేసుకుంటున్నానండయ్యా" అనేవాడు. ఏం చేశావు అని ఎవరూ అడగరు, ఏం చేశానో ఆయనకీ తెలియదు. జరిమానా స్టేషన్ వాళ్ళే కట్టేసేవారు. ఒక్క నిమిషం పని. ఇలా ఇరవై రెండేళ్ళలో నలభై మూడు నేరాలు ఒప్పుకున్నాడు. చుక్క ముట్టడు. బండి మాట అటుంచండి, సైకిలే రాదు.

అలాంటి రోజుల్లో రేవుపేటకి న్యాయం వచ్చింది. పెట్టెలో పెట్టి, పైన థర్మోకోల్ వేసి, 'జాగ్రత్తగా ఎత్తవలెను' అని రాసి మరీ పంపించారు.

దాని పేరు సమదృష్టి. చూడ్డానికి మామూలు కంప్యూటరు, పైన ఒక కెమెరా కన్ను, పక్కన స్పీకరు. ముద్దాయి చరిత్రంతా చదివేసి, బెయిలిస్తే మళ్ళీ నేరం చేస్తాడా చెయ్యడా అన్నది నూటికి ఇన్ని మార్కులని చెప్పేస్తుంది. డెబ్భై దాటితే లోపలికి, తగ్గితే ఇంటికి. దాన్ని తెచ్చింది న్యాయ వితరణ నవీకరణ మండలి. ఆ మండలి సంయుక్త సంచాలకులు హిమకర్ గారు కోర్టు హాల్లో ప్రారంభోత్సవం చేశారు.

"మానవుడు పక్షపాతి" అని మొదలుపెట్టారు హిమకర్ గారు, ఎదురుగా కూర్చున్న మానవులందరినీ జాలిగా చూస్తూ. "మేజిస్ట్రేటుకు ఆకలి వేయును. పోలీసుకు కోపము వచ్చును. కానీ ఈ సమదృష్టికి కులము లేదు, మతము లేదు, బంధువర్గము అసలే లేదు. దీనికి తెలిసినది డేటా ఒక్కటే. డేటా ఏనాడును అబద్ధమాడదు!"

వెనక వరసలో భీమశంకరం అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. మూడో చప్పట్లో ఉండగా ఆయన పేరు పిలిచారు.

విషయమేమిటంటే, యంత్రానికి పాఠాలు చెప్పడానికి పాత రికార్డులు కావాలి కదా. జిల్లాలో మిగతా స్టేషన్ల రిజిస్టర్లని సగం చెదలు తిన్నాయి, తిననివి రాసినవాడికే అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళూ ఒక్క కాగితం పోకుండా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నవి ఒకే ఒక్కడివి.

"వీరే సమదృష్టికి గురుతుల్యులు!" అని హిమకర్ గారు భీమశంకరానికి శాలువా కప్పారు. ఆ శాలువా కింద భీమశంకరానికి చిరుచెమటలు పట్టాయి. అది ఉన్నిది కాబట్టి అనుకున్నాడు.

ప్రారంభోత్సవంలో చిన్న పొరపాటు జరిగింది. కొబ్బరికాయ కొట్టి, దండ వేసి, పసుపు రాసి, అటెండరు భక్తి కొద్దీ సమదృష్టి కెమెరా కన్నుకి ఇంత కుంకుమ బొట్టు పెట్టేశాడు. ఆ రెండు గంటలూ దానికి ఏమీ కనపడక అందరికీ సమానంగా మార్కులు వేసింది. తర్వాత ఇంజనీరొచ్చి తుడిచేశాడు.

నెల తిరిగేసరికి సమదృష్టి జిల్లా నేరాల గురించి ఇంతవరకూ ఏ మానవుడూ కనిపెట్టని రహస్యాలు కనిపెట్టేసింది. ఒకటి, రేవుపేటలో నేరప్రవృత్తి నెలాఖరున విజృంభిస్తుంది. ఇది చంద్రుడి ప్రభావమా, జీతాల ప్రభావమా తేల్చడానికి మండలి ఒక ఉపసంఘం వేసింది. రెండు, నేరస్తులు పోలీస్ స్టేషన్‌కి దగ్గరగా ఉండటానికి ఇష్టపడతారు. దీని మీద హిమకర్ గారు రాసిన పరిశోధన పత్రానికి పెద్ద అవార్డు కూడా ఖాయమైపోయింది. ఇక ఇసుక రేవుల సింహాచలం అని ఒకడున్నాడు, వాడి పేరు చెబితే పడవలు ఒడ్డుకి రావు. వాడి మీద కేసు రాయడానికి ఇంతవరకూ ఎవరి పెన్నూ లేవలేదు. యంత్రం వాడికి రెండు మార్కులు వేసి, 'ఆదర్శ పౌరుడు, జామీనుకు మిక్కిలి అనుకూలము' అని ముద్రించి ఇచ్చింది. వాడు దాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు.

సరిగ్గా ఆ నెల పదకొండో తారీఖు పొద్దున మున్సిపాలిటీ వాళ్ళు ఆక్రమణలు తొలగిస్తూ వచ్చి నూకరాజు బల్ల ఎత్తి లారీలో పడేశారు. బల్ల మీద అప్పుడే తాగడం మొదలుపెట్టిన ఇద్దరు కూడా ఉన్నారు. "ఆగండి బాబూ, టీ అన్నా తాగనివ్వండి ఆళ్ళని!" అని నూకరాజు అడ్డం వెళ్ళాడు. చేతిలో టీ వడపోసే జల్లెడ ఉంది. అంతే. ప్రభుత్వోద్యోగి విధులకి ఆటంకం, పైగా లోహపు వస్తువుతో. బెయిలు మేజిస్ట్రేటే ఇవ్వాల్సిన సెక్షను.

ఎఫ్ఐఆర్ రాసింది భీమశంకరమే. నూకరాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఇది టార్గెట్ కేసా అండి, నిజం కేసా?" అని మెల్లిగా అడిగాడు.

"నిజం కేసేరా."

"అలాగాండి! ఇదే మొదలు కదండీ." కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

ఎస్సై గారు కుర్రాడు, భీమశంకరాన్ని బాబాయ్ అంటాడు. "ఏం పర్లేదు బాబాయ్, రేపు పొద్దున్నే బెయిలొచ్చేస్తుంది. జల్లెడకెవడు జైల్లో పెడతాడు?" అన్నాడు.

మర్నాడు కోర్టులో సమదృష్టి తొంభై ఏడు మార్కులు వేసింది. జిల్లాలో అదే రికార్డు. స్పీకరులోంచి ఒక ఆడగొంతు, రైల్వే స్టేషన్లో బండి ఆలస్యానికి చింతిస్తున్నంత మర్యాదగా చదివింది.

"నేరములు నలభై మూడు. ఒప్పుకోలు నలభై మూడు. ఒప్పుకొనిన వెంటనే మరల చేయుచున్నాడు కావున పశ్చాత్తాపము శూన్యము. హెల్మెట్ లేకుండా వాహనము నడుపుట ఆరు మార్లు. ముద్దాయి పేరిట వాహనము లేదు. కావున ఇతరుల వాహనములు దొంగిలించి నడుపుచున్నట్లు బలమైన అనుమానము."

మేజిస్ట్రేట్ ఇందుమతి గారు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "ఏమైనా చెప్పుకుంటావా?" అని అడిగారు.

"ఒప్పేసుకుంటున్నానండయ్యా" అన్నాడు నూకరాజు, అలవాటు చొప్పున.

లీగల్ ఎయిడ్ లాయరు తల పట్టుకున్నాడు. నూకరాజు మాత్రం భీమశంకరం వైపు చూసి, ఇక వెళ్ళొచ్చా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. ఎప్పుడూ ఈపాటికి ఆయన తల ఊపుతాడు. ఈసారి భీమశంకరం కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికేమీ లేదు, గోడ ఉంది.

సాయంత్రం నూకరాజు భార్య మంగాయమ్మ స్టేషన్‌కొచ్చింది. బడ్డీ మూసేసి వచ్చినట్టుంది, చేతులకింకా శెనగపిండి ఉంది.

"రైటరు గారూ, మా ఆయన తాగుబోతంట, బళ్ళు దొంగిలిత్తాడంట. ఆ పెట్టె సెప్పిందంట. మీకు తెల్దేటండి ఆయన సంగతి?"

"తెలీకేమమ్మా..."

"మరి తెలిసినోరు ఆ ముక్క సెప్పొచ్చుగా?"

భీమశంకరం చుట్టూ చూశాడు. గోడకి ఆయన శాలువా కప్పుకున్న ఫొటో వేలాడుతోంది. రిటైరుమెంటుకి పదకొండు నెలలుంది. ఆ కేసులన్నీ ఉత్తుత్తివే, నేను పుట్టించినవే అంటే ఉద్యోగం, పెన్షను, పరువు, అన్నీ ఒకే పూటకి హుళక్కి.

"అది చాలా న్యాయమైన యంత్రం మంగాయమ్మా. తప్పుంటే అదే దిద్దుకుంటుంది. కంగారు పడకు" అన్నాడు.

ఆశ్చర్యమేమిటంటే అది నిజంగానే దిద్దుకోవడం మొదలుపెట్టింది! లీగల్ ఎయిడ్ లాయరు ఊరుకోకుండా ఒక లెక్క తీసి మండలికి ఉత్తరం రాశాడు. యంత్రం బెయిలు వద్దన్న అరవై ఒక్కమందిలో అరవై ఒక్కరూ చేపలరేవు వాళ్ళే, ఇదెక్కడి సమదృష్టి అని. అవార్డు దగ్గరికొచ్చిన టైములో ఈ ఉత్తరమేమిటని హిమకర్ గారు హుటాహుటిన కారేసుకుని దిగారు.

మొదట యంత్రం దగ్గర పేటల పేర్లు దాచేశారు. వృత్తిని బట్టి పట్టేసింది. వృత్తి దాచేశారు. ఇంటి పేర్లని బట్టి పట్టేసింది. అవీ దాచేశారు. చివరికి దానికి మిగిలింది ముద్దాయి ఎత్తు ఒక్కటే. ఆ ఒక్క రోజు అయిదడుగుల ఎనిమిదంగుళాలు దాటినవాళ్ళందరికీ బెయిలొచ్చింది. నూకరాజు అయిదడుగుల మూడంగుళాలు.

పందొమ్మిదో తారీఖున హిమకర్ గారు స్టేషన్లోనే సమావేశం పెట్టారు.

"సమస్య యంత్రములో లేదు. ఊరిలో ఉన్నది" అని తేల్చారు. "ఒక పేట వారే నేరములన్నియు చేయుచున్నచో యంత్రము మాత్రము ఏమి చేయును? ఆఫీసర్స్ కాలనీ వారి మీద ఎన్ని కేసులున్నవి?"

భీమశంకరం రిజిస్టరు తిప్పాడు. "ఒకటండి. రెండు వేల పదకొండులో. అదీ వాళ్ళ కుక్క మీద."

"చూచితిరా! ఇంత అసమానత! వారు కూడా తమ వంతు నేరములు చేయవలెను కదా?"

"చెయ్యకపోతే సార్?" అన్నాడు ఎస్సై.

"అనగా వారికి అవగాహన లేదన్నమాట. మనము గుర్తించి నమోదు చేయవలెను. రెండు వందల పన్నెండు కేసులు, ఐదు దినములు. డీజిల్ మంజూరు చేయుచున్నాను."

డీజిలన్న మాట వినగానే స్టేషన్లో అందరూ నిటారుగా నిలబడ్డారు. భీమశంకరానికైతే ప్రాణం లేచొచ్చింది. లెక్కలు సమానమైపోతే నూకరాజు మార్కులు వాటంతటవే దిగిపోతాయి, తను నోరు విప్పక్కర్లేకుండానే! ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి అయిదున్నరకే జీపు కాలనీ పార్కుకి చేరింది. పార్కులో లాఫింగ్ క్లబ్బు వాళ్ళు పద్నాలుగుమంది గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి పెద్దగా నవ్వుతున్నారు. వాళ్ళ నాయకుడు దక్షిణామూర్తి గారు, రిటైర్డ్ సూపరింటెండింగ్ ఇంజనీరు. భీమశంకరం పక్కన నిలబడి పుస్తకం తెరిచాడు.

"ఏమిటయ్యా రాస్తున్నావు? నవ్వడం కూడా నేరమేనా?"

"కారణముంటే కాదండి. దేనికి నవ్వుతున్నారో చెప్పండి, రాసుకుని వెళ్ళిపోతాను."

"కారణం లేకుండా నవ్వడమే కదయ్యా మా క్లబ్బు నియమం!"

"అదేనండి, అదే రాసుకుంటున్నాను. 'గుంపుగా కూడి, నిష్కారణముగా, పథకము ప్రకారము.'"

అయిదు రోజుల్లో కాలనీ దద్దరిల్లిపోయింది. అనుమానాస్పదంగా వాకింగ్ చేస్తున్న డాక్టరు. వెళ్ళిన దారినే పదిసార్లు వెళ్ళాడు కాబట్టి రెక్కీ. బాల్కనీలోంచి మొక్కలకి నీళ్ళు పోసిన మేడమ్ గారు. కింద వెళ్తున్నవాడు తడిశాడు కాబట్టి దాడి. 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు పెట్టిన ప్రొఫెసరు. బెదిరింపు. దక్షిణామూర్తి గారు మాత్రం ఊరుకోలేదు. రెండోసారి జీపు చూడగానే చేతికర్ర ఎత్తి, "మా అల్లుడెవరో తెలుసా మీకు?" అన్నారు. ప్రభుత్వోద్యోగి విధులకి ఆటంకం. నూకరాజుది ఏ సెక్షనో అదే సెక్షను.

అల్లుడు హిమకర్ గారే. వార్త తెలియగానే ఆయన ముఖం ఒక్క క్షణం పాలిపోయిన మాట నిజం. కానీ విలేకరులున్నారు ఎదురుగా.

"సమన్యాయమునకు మా మామగారే సజీవ నిదర్శనము!" అన్నారు. ఆ పూట నుంచి హిమకర్ గారి భార్య ఆయన ఫోనెత్తడం మానేసింది.

ఇరవై అయిదో తారీఖు నూకరాజు బెయిలు పిటిషన్ రెండోసారి వచ్చింది. భీమశంకరం కొత్త యూనిఫాం వేసుకుని మరీ కోర్టుకెళ్ళాడు. రెండు వందల పన్నెండు కేసులు కొత్తగా మింగిన సమదృష్టి కాసేపు గుర్రుమని, అదే మర్యాద గొంతుతో చెప్పింది.

"దొమ్మేటి నూకరాజు, తొంభై ఏడు. దక్షిణామూర్తి, తొంభై ఏడు."

హిమకర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "పక్షపాతము సంపూర్ణముగా తొలగినది! మునుపు ఒక పేట వారికే బెయిలు వచ్చెడిది కాదు. నేడు ఎవ్వరికీ రాదు!"

సర్వసమానంగా బెయిలు నిరాకరించారు. పైగా ఇంకో ఆదేశం కూడా వచ్చింది. తొంభై అయిదు దాటినవాళ్ళని అలవాటుపడ్డ నేరస్తులుగా షీటు తెరిచి, ముప్పయ్యో తారీఖు పొద్దున సెంట్రల్ జైలుకి మార్చాలి. ఒకసారి షీటు తెరిచారంటే మనిషి చచ్చేదాకా మూసేది లేదు. పండగొచ్చినా, ఎన్నికలొచ్చినా, ఊళ్ళో ఎక్కడ గిన్నె పోయినా ముందు అతన్నే తెచ్చి కూర్చోబెడతారు.

ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం నాలుగైంది. భీమశంకరం కళ్ళజోడు తుడుచుకున్నాడు. షీటు తెరవాల్సింది కూడా ఆయనే. 'పేరు: దొమ్మేటి నూకరాజు. అలవాట్లు:' అని రాశాడు. అక్కడ ఆగింది పెన్ను. అలవాట్లు ఏం రాయాలి? పొద్దున్నే నాలుగింటికి లేచి పాలు కాస్తాడు. కానిస్టేబుళ్ళకి జ్వరమొస్తే మిరియాల పాలు పంపిస్తాడు. పోయినేడు భీమశంకరం భార్య ఆస్పత్రిలో ఉంటే పదిహేను రోజులు ఫ్లాస్కు మోశాడు. ఎవరడిగితే వాళ్ళకి ఏ నేరమైనా ఒప్పుకుంటాడు. ఇవన్నీ రాయడానికి గడి చాలదు. రాసినా యంత్రానికి అర్థం కాదు.

పెన్ను మూతపెట్టి లేచాడు.

మర్నాడు జైలు మార్పు ఉత్తర్వు కోసం నూకరాజుని మళ్ళీ కోర్టుకి తెచ్చారు. భీమశంకరం చెయ్యెత్తితే అందరూ ఫైలేదో ఇవ్వడానికనుకున్నారు.

"మేడమ్ గారూ, నూకరాజు మీదున్న నలభై మూడు కేసులూ ఉత్తుత్తివండి. నేనే రాశాను. నెలాఖరు టార్గెట్ కోసం. ఒక్కటి కూడా జరగలేదు."

హిమకర్ గారు చటుక్కున లేచారు.

"అనగా... మా... కాలనీ కేసులు?"

"అవీ నేనేనండి. మీ డీజిలేగా."

"మొత్తము ఎన్ని?"

"చెప్పలేనండి. నెలకి సగం. ఇరవై రెండేళ్ళు. మీ యంత్రానికి నేర్పించిన పాఠాల్లో సగం నా నెలాఖరు కథలేనండి. చంద్రుడి ప్రభావం గింద్రుడి ప్రభావం కాదు. నాలుగింటికి నేను టీ తాగి మొదలెడతాను, అంతే."

అవార్డు వారం రోజుల్లో ఉంది. మామగారు సబ్‌జైల్లో ఉన్నారు. హిమకర్ గారి ముఖంలో ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకోవడం కనపడింది. చివరికి సూటు సర్దుకున్నారు.

"ఈ ప్రకటనలోని సత్యాసత్యములను కూడా నిష్పాక్షికముగా తేల్చవలెను" అంటూ ఒప్పుకోలు మొత్తం యంత్రంలో కొట్టారు. సమదృష్టి రెండు నిమిషాలు తీసుకుంది. ఇంతసేపు అది ఎప్పుడూ తీసుకోలేదు.

"సాక్షి భీమశంకరము నిజాయితీ తొంభై తొమ్మిది మార్కులు. సాక్షి చెప్పు మాట రికార్డులకు విరుద్ధముగా ఉన్నది. ఆ రికార్డుల విశ్వసనీయత తొంభై తొమ్మిది మార్కులు, ఏలనగా వ్రాసినది భీమశంకరము. మాట కన్న వ్రాత గొప్పది. నేడు ఇరువది తొమ్మిదవ తేదీ. సాక్షి నెలాఖరు ప్రభావమునకు లోనైనట్లున్నది. విశ్రాంతి ఇప్పించవలెను."

"వింటిరి కదా!" అన్నారు హిమకర్ గారు చెమట తుడుచుకుంటూ.

ఇందుమతి గారు వినలేదు. ఆవిడ మొదటిసారి కాగితాలు పక్కకి జరిపి, బోనులో ఉన్న మనిషిని చూస్తున్నారు. యంత్రం మాట కాదనే హక్కు మేజిస్ట్రేటుకి లేకపోలేదు, ఉంది. అలా కాదంటే దాన్ని విచలనం అంటారు. పదహారు గడుల విచలన పత్రం నింపాలి. ఏడాదికి మూడే విచలనాలు. నాలుగోది చేస్తే నిష్పాక్షికత శిక్షణ శిబిరానికి పంపిస్తారు, నలభై రోజులు, హాస్టల్ భోజనం. ఆవిడ ఇప్పటికి రెండు వాడేశారు.

"భీమశంకరం గారూ, యంత్రం సంగతి వదిలేయండి. నన్ను చూసి చెప్పండి. ఈ మనిషి తాగుతాడా?"

"టీయే తాగడు మేడమ్. గ్యాసంటాడు."

"బండి?"

"సైకిలే రాదండి. నేర్పిద్దామని ఓసారి నేనే ఎక్కించాను. ఇద్దరం కాలవలో పడ్డాం."

బోనులో నూకరాజు పకపకా నవ్వాడు. నవ్వి, నవ్వకూడదేమోనని నోరు మూసుకున్నాడు.

"నా ముందే తొమ్మిదిసార్లు ఒప్పుకున్నాడు" అన్నారు ఇందుమతి గారు, ఎవరితోనూ కానట్టు. "తొమ్మిదిసార్లలో ఒక్కసారైనా నేను తలెత్తి చూసి ఉంటే బాగుండేది." పెన్ను తీసి, విచలన పత్రం ముందుకి లాక్కుని, పదహారు గడులకీ అడ్డంగా ఒకే వాక్యం రాశారు. 'అడిగాను, చెప్పాడు, నమ్మాను. బెయిలు మంజూరు.'

తర్వాతి పిటిషన్ దక్షిణామూర్తి గారిది. మేజిస్ట్రేట్ గారి మూడు విచలనాలూ అప్పటికే అయిపోయాయి. ఆయన కోసం వచ్చే జనవరి దాకా ఆగాలన్నారు. హిమకర్ గారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. జేబులో ఫోను మోగుతోంది, ఈసారి భార్యే చేస్తోంది, ఆయన ఎత్తడం లేదు.

సాయంత్రానికి మండలి ప్రకటన వచ్చేసింది. 'రేవుపేట న్యాయస్థానమున మానవ తప్పిదము వలన ఒక ముద్దాయి విడుదలయ్యెను. యంత్రములో ఎట్టి లోపమును లేదు.' దాంతోపాటే భీమశంకరానికి సస్పెన్షన్ ఉత్తర్వు. కింద ఇంకో లైను: శాలువా మూడు దినములలోగా అప్పగించవలెను.

ఆరు గంటలకి సబ్‌జైలు గేటు దగ్గర భీమశంకరం స్కూటరేసుకుని నిలబడ్డాడు. కొంచెం దూరంలో మంగాయమ్మ ఉతికిన చొక్కా పట్టుకుని నిలబడింది. ఆవిడ ఈయన వైపు చూడలేదు. గేటు తెరుచుకుంది. నూకరాజు బయటికొచ్చి, చొక్కా మార్చుకుని, వెలుతురికి కళ్ళు చికిలించాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగి, మొదటిసారి కాస్త నేరస్తుడిలా ఉన్నాడు.

"చెప్పేశానురా కోర్టులో" అన్నాడు భీమశంకరం. "అంతా చెప్పేశాను. సస్పెండ్ చేశార్లే. పోనీ."

"ఇన్నానండి. బోనులోనే ఉన్నాగా."

"ఎక్కరా, దింపుతాను. మంగాయమ్మకి ఆటో మాట్లాడతాను."

నూకరాజు ఎక్కలేదు. కోపంగా కూడా లేడు, అదే కష్టంగా ఉంది. పకోడీలో ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పుడు ఎలా అడుగుతాడో అలాగే అడిగాడు.

"నలభై మూడుసార్లు మీకోసం లేనిది ఒప్పేసుకున్నానండి రైటరు గారూ. ఒక్కోదానికి నిమిషం పట్టలేదు. మీకు ఉన్నది ఒక్కసారి ఒప్పుకోడానికి పందొమ్మిది రోజులు పట్టిందా అండి?"

పదకొండో తారీఖు నుంచి ఇరవై తొమ్మిది దాకా లెక్కేస్తే పద్దెనిమిదే అవుతుంది, ఇవాళ లెక్కలోకి రాదు. ఆ దిద్దుబాటు భీమశంకరం నాలిక చివరిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ళ అలవాటు. పళ్ళు బిగించి లోపలే ఆపుకున్నాడు.

నూకరాజు, మంగాయమ్మ రోడ్డెక్కి నడవడం మొదలుపెట్టారు. భీమశంకరం స్కూటరు స్టాండు తీసి, స్టార్ట్ చెయ్యకుండా తోసుకుంటూ వాళ్ళ వెనకాలే బయల్దేరాడు. పదడుగుల దూరంలో. నూకరాజు వెనక్కి తిరిగి చూడలేదు. తొందరగా నడవనూ లేదు.